పాత కారు కిలోమీటరుకు ఎన్ని పైసలు తింటుంది? ఒక బెజవాడ లెక్క

గత మే నెలలో మా వ్యాగన్‌ఆర్ ఒకే రోజు 11,400 రూపాయలు పుచ్చుకుంది. ముందువైపు షాక్ అబ్జార్బర్లు రెండు 4,400, వాటి మౌంటింగులు 1,200, బ్రేకు ప్యాడ్లు 1,500, ఏసీ గ్యాసు 1,600, కూలి 2,200, చివర్లో అలైన్‌మెంట్ 500. బండి 2011 నాటిది. మీటరు లక్షా పాతిక వేలు దాటింది. బిల్లు సంగతి విని ఎదురింటాయన "ఇంకా దానికి ఎందుకండీ పెట్టడం, అమ్మేయండి" అన్నారు. ఆయన కొత్త కారుకు అయిదు లక్షల అప్పు తీసుకున్నారు. 9 శాతం వడ్డీకి అయిదేళ్ల కిస్తీ నెలకు 10,379 రూపాయలు. నేను ఆ ఏడాది ఒక్కసారి కట్టిన మొత్తానికి కాస్త తక్కువగా ఆయన నెలనెలా కడుతున్నారన్నమాట. అయినా జాలి పడింది ఆయనే. కిస్తీ తేదీ చెప్పి వస్తుంది, రిపేరు చెప్పకుండా వస్తుంది, అందుకని.

నిజానికి రిపేరు కూడా చెప్పే వస్తుంది. తేదీకి బదులు కిలోమీటర్లలో చెబుతుంది. ఆ కిలోమీటర్లను పైసల్లోకి మార్చుకుంటే పాత కారు ఖర్చు పాలబిల్లు అంత మామూలుగా కనిపిస్తుంది. ఆ మార్చుకునే పద్ధతి, ఆ తర్వాత మెకానిక్ షెడ్డులో డబ్బు వృథా పోకుండా చూసుకునే పద్ధతి ఇక్కడ వరుసగా చెబుతాను. ధరలన్నీ పెట్రోలుతో నడిచే చిన్న కార్లవి. విజయవాడ ఆటోనగర్‌లో, పటమటలో, గుంటూరులో నేనూ మా బంధువులూ కట్టిన బిల్లుల నుంచి తీసుకున్నవి. మీ బండి మోడలును బట్టి అటూ ఇటూ అవుతాయి. డీజిల్ బండి అయితే ఇంజను పనులకు ఇంకొంచెం ఎక్కువే వేసుకోండి.

మొదటి పని: ఒక నోటుబుక్కు కొనండి

ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. ఫోనులో రాసుకున్నా తప్పు లేదు కానీ, డ్యాష్‌బోర్డు అరలో ఉన్న పుస్తకమైతే మేస్త్రి కూడా తిరగేసి చూస్తాడు. ప్రతి పనికీ తేదీ, మీటరు అంకె, వేసిన పార్టు, దాని కంపెనీ, కూలి ఎంత అనేవి రాయండి. కూలిని, పార్టు ధరను విడివిడిగా రాయడం ముఖ్యం. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

బండిని సెకండ్ హ్యాండులో కొని ఉంటే, పాత యజమాని "అన్నీ మార్పించాను" అని చెప్పిన మాటను మర్యాదగా విని వదిలేయండి. బిల్లు చూపించనిది ఏదీ మార్చలేదనే అనుకోవాలి. ఇంజను ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించి, ఆ రోజు మీటరు అంకెను మొదటి పేజీలో రాయండి. అక్కడి నుంచి మీ లెక్క మొదలవుతుంది.

మొదటి పేజీలోనే ఇంకొక సంగతి తేల్చుకోవాలి: మీ ఇంజనుకు ఉన్నది టైమింగ్ బెల్టా, టైమింగ్ చెయినా? పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులను నడిపేది ఇదే. మారుతి 800 సీసీ ఆల్టోకు, హ్యుందాయ్ శాంత్రోకు, 1.1 లీటర్ల పాత ఐ10కు బెల్టు ఉంటుంది. వ్యాగన్‌ఆర్, స్విఫ్టులలో వచ్చిన కె సిరీస్ పెట్రోలు ఇంజన్లకు చెయిను. బెల్టుకు గడువు ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఆ కిలోమీటర్లు రాసి ఉంటాయి. గడువు దాటిన బెల్టు ఏ హనుమాన్ జంక్షన్ దగ్గరో తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. నాలుగయిదు వేలలో అయిపోయే పని ఇంజను పైభాగమైన హెడ్డు విప్పే పనిగా మారి ఇరవై వేలు దాటుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లకు మించి తిరగని బండ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. పెళ్లిళ్లకు, గుడికి, రైల్వే స్టేషనుకు మాత్రమే తీసే బండ్లు. వీటికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఆయిల్ ఏడాదికొకసారి, బ్రేకు ఆయిల్ రెండేళ్లకొకసారి మార్చాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బండి కదిలినా కదలకపోయినా. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు తేమ సంగతి వేరే చెప్పాలా!

రెండో పని: ప్రతి భాగాన్నీ పైసల్లోకి మార్చండి

పద్ధతి సులువు. పార్టు ధరకు కూలి కలిపి, అది ఎన్ని కిలోమీటర్లు వస్తుందో దానితో భాగించండి. నేను ఏడాదికి సుమారు 10,000 కిలోమీటర్లు తిరుగుతాను. నా పుస్తకంలో లెక్క ఇలా ఉంది.

ఆయిల్ సర్వీసు: ఆయిల్ డబ్బా, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలి కలిపి 2,800. పదివేల కిలోమీటర్లకు ఒకసారి. కిలోమీటరుకు 28 పైసలు.

టైర్లు: నాలుగూ కలిపి బ్యాలెన్సింగుతో 15,000. నలభై వేల కిలోమీటర్లు. 37 పైసలు.

బ్రేకులు: ముందు ప్యాడ్లు కూలితో 1,900, ముప్పై వేలకు ఒకసారి. వెనక షూలు 1,400, యాభై వేలకు ఒకసారి. రెండూ కలిపి 9 పైసలు.

క్లచ్: 7,500, డెబ్భై అయిదు వేల కిలోమీటర్లు. 10 పైసలు.

సస్పెన్షన్: షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్ములు, బుష్‌లు కలిపి అరవై వేలకు 12,000. 20 పైసలు.

కూలెంట్, బ్రేకు ఆయిల్, గేరు ఆయిల్: నలభై వేలకు 2,400. 6 పైసలు.

బ్యాటరీ: 4,400, నాలుగేళ్లు. ఏడాదికి 1,100, అంటే 11 పైసలు.

ఏసీ: ఏడాదికి సగటున 2,000. 20 పైసలు.

వైపర్లు, బల్బులు, ఫ్యాను బెల్టు, స్పార్కు ప్లగ్గులు, పంక్చర్లు: ఏడాదికి వెయ్యి. 10 పైసలు.

అన్నీ కూడితే 151 పైసలు. కిలోమీటరుకు రూపాయిన్నర. ఏడాదికి పదిహేను వేలు. దీనిపైన అనుకోకుండా వచ్చేవాటికి (సెల్ఫ్ మోటారు, రేడియేటరు, అద్దం దించే మోటారు లాంటివి) అయిదు వేలు కలిపితే ఇరవై వేలు. నెలకు 1,700 రూపాయలకు కొంచెం తక్కువ. ఆ మొత్తాన్ని నెల మొదట్లో విడిగా ఒక ఖాతాలో వేస్తున్నాను. మే నెల బిల్లు వచ్చినప్పుడు ఆ డబ్బు అక్కడ సిద్ధంగా ఉంది. ఎదురింటాయనకు ఆ సంగతి చెప్పలేదు, జాలి పడనిచ్చాను.

ఇక్కడే ఇంకొక లెక్క చూడండి. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకోండి. బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగుల మధ్య ట్రాఫిక్‌లో తిరిగే బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు ఏడు రూపాయల పైమాటే. రిపేరు ఖర్చు అందులో అయిదో వంతు. మెకానిక్కుతో రెండు వందలకు అరగంట బేరమాడి, టైర్లలో గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ తాగే బండిని నెలల తరబడి నడిపేవాళ్లం మనం. గాలి ఉచితంగానో, పదికో ఇరవైకో దొరుకుతుంది.

మూడో పని: షెడ్డుకు వెళ్లే ముందు ఇంటి దగ్గర అరగంట

ఆదివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. ఆయిల్ గేజి పుల్ల తుడిచి, మళ్లీ ముంచి, రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పవద్దు. లోపలి నీరు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

రాత్రి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున దాని మీద మరకలు జాతకం చెబుతాయి. నల్లగానో గోధుమరంగుగానో జిడ్డుగా ఉంటే ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. ఏ చక్రం దగ్గరో జిడ్డుగా తడి కనిపిస్తే బ్రేకు ఆయిల్ కావచ్చు, ఆ బండిని నడపకుండా మేస్త్రిని ఇంటికి పిలవండి. ఏసీ వేసి వచ్చిన తర్వాత కారే తేట నీళ్లు లోపం కాదు, కారడం ఆగితేనే లోపం.

మూడు నాలుగు వందలకు వోల్టులు కొలిచే మల్టీమీటరు దొరుకుతుంది. రాత్రంతా కదలని బండి బ్యాటరీ పొద్దున 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు. 12.2 దగ్గర ఉంటే సగమే. ఇంజను వేశాక 13.8 నుంచి 14.4 మధ్యకు పెరగాలి. పెరగకపోతే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటరుదో, బెల్టుదో, తీగలదో. దీన్ని తెలుసుకోవడానికి నేను ఎంత కట్టానో కింద చెబుతాను.

టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ప్రకారం కూడా టైరు పని అయిపోయింది. గాడుల మధ్య చిన్న దిమ్మెలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే అదే గుర్తు. మన ఎండలకు అరగని టైరు కూడా ఆరేడేళ్లలో పక్కగోడలు పగిలిపోతుంది.

ఇక చప్పుళ్లు. గతుకుల్లో ముందు చక్రాల దగ్గర "టక టక" వస్తే మొదట అనుమానించాల్సింది లింకు రాడ్లను, బుష్‌లను. వెయ్యి, పదిహేను వందల్లో అయిపోయే పని. చాలామంది ఇదే చప్పుడుకు సస్పెన్షన్ మొత్తం మార్పించుకుని వస్తారు. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలిస్తే "కట కట" మంటే యాక్సిల్ జాయింటు. వేగంతో పాటు పెరిగే గుయ్యి చప్పుడు చక్రం బేరింగుది. బ్రేకు వేసినప్పుడు లోహం గీసుకునే చప్పుడు వస్తే ఇంక ఆలస్యం చేయకండి, ప్యాడ్లు అయిపోయి డిస్కు అరుగుతోంది. పదిహేను వందల పని నాలుగయిదు వేలవుతుంది.

నాలుగో పని: పార్టు మార్చే ముందు కారణం అడగండి

మూడేళ్ల కిందట మా బండి పొద్దునపూట సెల్ఫ్ తీసుకోవడం మానేసింది. ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. పది రోజులకు మళ్లీ అదే. ఆల్టర్నేటరు బాగు చేయాలన్నారు, చేశారు. మళ్లీ అదే. సెల్ఫ్ మోటారు విప్పారు. మొత్తం తొమ్మిది వేలు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి, ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగను రెండు వేళ్లతో కదిలించాడు. తీగ చివరి బిళ్ల తుప్పు పట్టి పొడిగా రాలింది. గరుకు కాగితంతో రుద్ది, కొత్త బిళ్ల వేసి, నూట యాభై తీసుకున్నాడు.

ఆ మొదటి షెడ్డువాళ్లు మోసగాళ్లని నేను అనుకోవడం లేదు. కొలవకుండా ఊహించారు. ఊహకు అయిన ఖర్చు నేను కట్టాను. పాత కారు మీద పోయే డబ్బులో ఎక్కువ భాగం అరిగిన పార్టులకు పోదు, ఇలాంటి ఊహలకు పోతుంది.

అప్పటినుంచి ఒక ప్రశ్న అలవాటు చేసుకున్నాను: "ఇదే పోయిందని ఎలా తెలిసింది మేస్త్రీ?" గౌరవంగానే అడగాలి. పని తెలిసిన మనిషి సంతోషంగా చూపిస్తాడు: మీటరు పెట్టి చూపుతాడు, చక్రాన్ని చేత్తో ఊపి చూపుతాడు, పాత పార్టులో పగులు చూపుతాడు. "మార్చి చూద్దాం సార్" అనే జవాబు వస్తే, మార్చి చూసేది ఎవరి డబ్బుతోనో అడగండి. ఇంజను లైటు వెలుగుతుంటే బండి కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి, చాలా చోట్ల మూడు నుంచి అయిదు వందలు తీసుకుంటారు. కానీ స్కానర్ చెప్పేది జబ్బు పేరు కాదు, నొప్పి ఎక్కడ ఉందో మాత్రమే. సెన్సర్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సరే పోయిందని కాదు. దాని తీగ తెగినా అదే కోడ్ వస్తుంది.

అయిదో పని: ఏ పని ఎక్కడ

విజయవాడవాళ్లకు ఉన్న అదృష్టం ఆటోనగర్. 1960ల నుంచి లారీల కోసం పెరిగిన ఊరు అది. లారీ బాడీ కట్టే చోట పుట్టిన లేతు పనివాళ్లు, వెల్డింగువాళ్లు, రేడియేటరువాళ్లు కార్లకూ పనికొస్తున్నారు. అక్కడ ఒక షెడ్డు అన్ని పనులూ చేయదు. ఏసీ ఒకరు, డైనమో సెల్ఫ్ ఒకరు, టింకరింగ్ (సొట్టలు తీసే పని) ఒకరు, డిస్కులు ఫేసింగ్ చేసే (అరిగిన ముఖాన్ని చదును చేసే) లేతు ఇంకొకరు. మీ మేస్త్రి బండి విప్పి, ఏ ముక్కను ఎవరి దగ్గరికి పంపాలో చూసుకుంటాడు. కంపెనీ సర్వీసు సెంటరులో 9,000 రూపాయల కొత్త ఆల్టర్నేటరు అంటే, ఇక్కడ బేరింగులు, కార్బన్ బ్రష్‌లు మార్చి రెండు వేల లోపు నడిపించేస్తారు. పాత కారుకు ఈ తేడాయే ప్రాణం.

గుంటూరువాళ్లకు వాళ్ల ఆటోనగర్ ఉంది, మామూలు పనులకు అది చాలు. అరుదైన పార్టుకో, పెద్ద లేతు పనికో బెజవాడ దాకా వచ్చినా గిట్టుబాటే. కాజ టోలు, ముప్పై అయిదు కిలోమీటర్ల పెట్రోలు లెక్కలో వేసుకోండి.

అయితే సర్వీసు సెంటరును పూర్తిగా వదిలేయమని అనను. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), తాళంచెవి కోడింగ్, ఎలక్ట్రానిక్ స్టీరింగు లాంటివాటికి అక్కడికే వెళ్లండి. మిగతా మామూలు పనులకు, మీ కంపెనీ బండ్ల మీద పదేళ్లు పనిచేసి సొంత షెడ్డు పెట్టుకున్న మేస్త్రి అందరికన్నా నయం. అలాంటివాడు దొరికితే పండక్కి మిఠాయి డబ్బా పంపినా తప్పు లేదు.

ఆరో పని: పార్టు కొనడం

పార్టులు నాలుగు రకాలు. కారు కంపెనీ పేరుతో వచ్చే డబ్బా. ఆ కంపెనీలకే సరుకు ఇచ్చే బాష్, వాలియో, గాబ్రియేల్, రాణే లాంటి తయారీదారులు సొంత పేరుతో అమ్మేవి. పేరు తెలియని లోకల్ సరుకు. చివరగా, విప్పిన బండ్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండు.

బ్రేకు, స్టీరింగు, టైమింగ్ బెల్టు విషయంలో మొదటి రెండింటిలోనే ఏదో ఒకటి. తయారీదారు పేరుతో ఉన్నది చాలాసార్లు చవకగా వస్తుంది. డోర్ హ్యాండిళ్లు, వైపర్ బ్లేడ్లు, మడ్ ఫ్లాపులకు లోకల్ సరుకు సరిపోతుంది. సెకండ్ హ్యాండు తలుపులకు, బానెట్లకు, లైట్లకు, అద్దాలకు బాగుంటుంది. కంప్యూటరు, ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు లాంటివి సెకండ్ హ్యాండులో కొనేటప్పుడు మాత్రం 2024 సెప్టెంబరును గుర్తు తెచ్చుకోండి. బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీట మునిగిన బండి నుంచి తీసిన పార్టు తుడిస్తే మెరుస్తుంది. కనెక్టరు పిన్నుల మీద తెల్లటి, పచ్చటి పొర, స్క్రూల గాడుల్లో ఒండ్రు ఉన్నాయేమో చూసుకుని కొనండి.

పార్టు మీరే కొనుక్కెళ్లాలా, మేస్త్రి చేత తెప్పించాలా? షాపువాళ్లు మేస్త్రికి ఇచ్చే తగ్గింపు అతని జేబులోకి వెళుతుంది, నిజమే. కానీ పార్టు అతను తెస్తే తేడా వచ్చినప్పుడు బాధ్యతా అతనిదే. మీరు తెచ్చిన ప్యాడ్లు కీచుమంటే "మీరు తెచ్చిన సరుకే సార్" అంటాడు. నేను చేసేది మధ్యేమార్గం: నాలుగు వేలకు తగ్గని టైర్ల సెట్టు, బ్యాటరీ, క్లచ్ సెట్టు లాంటివి నేనే కొంటాను, మిగతావి అతన్నే తెమ్మంటాను. డబ్బా మీద ఉన్న గరిష్ఠ ధర మాత్రం చూస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత స్టాకు డబ్బా మీద పాత ధర ఉంటే తగ్గించమని అడగండి.

ఏడో పని: ఒకసారి విప్పితే అన్నీ

కూలిని విడిగా రాయమన్నది ఇందుకే. క్లచ్ మార్చాలంటే గేరుబాక్సు దించాలి, ఆ దించే కూలి 2,500. ప్లేటు, ప్రెషర్ ప్లేటు కలిపి నాలుగు వేలు. రిలీజ్ బేరింగు ఆరు వందలు. ఆ పక్కనే ఉండే క్రాంకు ఆయిల్ సీలు రెండు మూడు వందలు. తొమ్మిది వందలు మిగిల్చుకుందామని బేరింగును, సీలును అలాగే వదిలేస్తే, ఏడాది తిరగకుండా అవి అరిచిన రోజున మళ్లీ 2,500 కూలి. దించిన రోజునే ఫ్లైవీలు లేతులో ఫేసింగ్ చేయించి, గేరు ఆయిల్ కూడా మార్చండి. ఆ ఆయిల్ ఎలాగూ తీయాల్సిందే.

టైమింగ్ బెల్టుతో పాటు టెన్షనరు తప్పనిసరి, వాటరు పంపు ఆ బెల్టు మీదే తిరిగే ఇంజనైతే పంపు కూడా. షాక్ అబ్జార్బర్లు, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడూ జతగా. లోయర్ ఆర్ములు, టై రాడ్లు ముట్టుకున్న రోజే అలైన్‌మెంట్. మరిచిపోతే కొత్త టైర్లు లోపలి అంచున అరిగిపోయి మరో మూడు వేలు పట్టుకుపోతాయి.

రేడియేటరు విషయంలో మనవాళ్ల అలవాటు ఒకటి మానుకోవాలి. కూలెంట్ తగ్గితే దారిలో కుళాయి నీళ్లో, బోరు నీళ్లో పోసేస్తారు. ఒకరోజు ఆపదకు తప్పదు. అలాగే వదిలేస్తే ఆ నీటిలోని ఉప్పులు గొట్టాల్లో గారలా పేరుకుంటాయి. రోహిణి కార్తెలో ఇంజను వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోయి, పదిహేను వేలకు తక్కువ కాదు. కూలెంట్ డబ్బా అయిదారు వందలే. అది చిక్కటి రకమైతే డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయండి.

ఎనిమిదో పని: ఏసీ

దీనికి విడిగా చోటు ఎందుకంటే, మన ఊళ్లో ఏసీ సౌఖ్యం కాదు, మార్చి నుంచి జూన్ దాకా అవసరం. దీని మీద జరిగినంత దుబారా ఇంకే పని మీదా జరగదు.

గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారుతున్న చోటు వెతకకుండా ఏటా పదహారు వందలకు గ్యాసు నింపించుకోవడం చిల్లు బిందెలో నీళ్లు తోడడమే. నైట్రోజన్ పెట్టి లీకు చూడమని, అది తేలాకే గ్యాసు నింపమని అడగండి. ఎక్కువసార్లు జాయింటు దగ్గరి రబ్బరు రింగే కారణం, అయిదారు వందల్లో అయిపోతుంది.

బండి ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గి, బందరు రోడ్డు ఎక్కి పరుగు తీయగానే చల్లబడుతోందా? అయితే గ్యాసు జోలికి వెళ్లకుండా ముందు కండెన్సరును, దాని ఫ్యానును చూడమనండి. రేడియేటరు ముందు ఉండే కండెన్సరు రేకుల్లో దుమ్ము, పురుగులు, ఎండాకులు అడ్డుపడతాయి. నీళ్లతో మెల్లగా కడిగితే చాలు. ఫ్యాను మోటారు పోతే రెండు వేల చుట్టుపక్కల. కూలింగ్ కాయిల్ దగ్గర లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, ఆరేడు వేలు అవుతుంది. కంప్రెసరు అయితే పదివేల పైన. ఈ రెండు మాటలూ విన్నప్పుడు ఇంకొక షెడ్డులో చూపించకుండా ఒప్పుకోకండి.

ఏసీ పని ఫిబ్రవరిలో చేయించండి. మేలో ఆటోనగర్ ఏసీ షెడ్ల ముందు వరుసలు ఉంటాయి, అప్పుడు లీకు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, గ్యాసు కొట్టి పంపేస్తారు. పోయిన ఏడాది నేను మేలోనే వెళ్లాను, చెప్పే మాట చేసే పని ఒకటి కానప్పుడు ఇలాగే అవుతుంది. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ వేసి ఉంచండి, లోపలి ఆయిల్ తిరిగి సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి.

తొమ్మిదో పని: మాట్లాడుకోవడం

బండి అప్పగించే ముందు పనుల జాబితా, పార్టుల ధర, కూలి కాగితం మీద రాయించుకుని ఫొటో తీసుకోండి. "ఇంతకు మించి ఏది కనిపించినా ఫోను చేసి చెప్పాకే విప్పండి" అని ఒక్క మాట అనండి. విప్పిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. ఇంటికి తెచ్చుకునేది దాచుకోవడానికి కాదు, నిజంగా మార్చారని తెలియడానికి. కూలి దగ్గర మరీ గీచి బేరమాడకండి. వంద తగ్గించిన మేస్త్రి ఆ వందకు సరిపడా బోల్టులు తక్కువ బిగించడు కానీ, మీ బండిని కుర్రాడికి వదిలేసి పక్క బండి మీదికి వెళతాడు.

చివరి లెక్క: ఎక్కడ ఆగాలి

చింత చచ్చినా పులుపు చావదన్నట్టు పాత బండి మీద మమకారం ఒక పట్టాన పోదు. అందుకే హద్దు ముందే గీసుకోవాలి. నాది ఇది: ఒకే పనికి బండి అమ్మకపు ధరలో మూడో వంతు దాటితే చేయించను. లక్షన్నర పలికే బండికి యాభై వేల ఇంజను బోరింగు (సిలిండర్లు చెక్కించి కొత్త పిస్టన్లు వేయించే పని) అన్నమాట. ఛాసిస్‌కు తుప్పు పట్టి సస్పెన్షన్ బిగించే చోటు చిల్లులు పడితే, ధర ఎంతైనా సరే ఆపేయాలి. అది డబ్బు విషయం కాదు, ప్రాణం విషయం. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తూ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతుంటే హద్దు దగ్గరికి వచ్చినట్లే.

పదిహేనేళ్లు నిండిన కారుకు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు) రెన్యువల్ చేయించాలి. గడువుకు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. బండి తనిఖీ అయ్యాక అయిదేళ్లకు పొడిగిస్తారు. కారుకు రుసుము 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. పాత బండ్ల మీద వేసే హరిత పన్ను విడిగా కట్టాలి. తనిఖీకి వెళ్లే ముందు లైట్లు, ఇండికేటర్లు, హారను, వైపర్లు, టైర్ల అరుగు, చేతి బ్రేకు సరిచేసుకుని, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువులో ఉన్నాయో లేదో చూసుకోండి.

మా వ్యాగన్‌ఆర్‌కు ఈ ఏడాదే పదిహేను నిండుతాయి. అయిదు వేలను అయిదేళ్లలో తిరిగే యాభై వేల కిలోమీటర్ల మీద వేస్తే కిలోమీటరుకు పది పైసలు. నోటుబుక్కులో 151 కొట్టేసి 161 రాశాను. ఎడమ ఇండికేటరు బల్బు ఒకటి మార్చాలి, అరవై రూపాయలు.